చెత్తబుట్టలో ఖరహరప్రియ

"అమ్మగారూ, మీరంటే నాకున్న భక్తి ఇక్కడ ఇంకెవరికీ లేదు. మరి విద్య నాకే ఎందుకు అబ్బడం లేదు?" అని బాలకోటి ఒక ఉదయం తన సన్నాయి గురువు నాంచారమ్మగారిని అడిగాడు. అందులో వినయం పావలా, ఫిర్యాదు ముప్పావలా.

నాంచారమ్మగారు ప్రశ్నకి వెంటనే బదులివ్వరు. అడిగినవాడు అప్పుడేం చేస్తున్నాడో చూస్తారు. బాలకోటి కంప్యూటరు ముందున్నాడు. పాఠశాల రికార్డింగులన్నీ క్లౌడ్‌లో దాచే పని వాడిది. చోటు నిండిపోయిందని తెర మీద ఎర్రగీత వచ్చింది. ఒకే ఫైలుకి బోలెడు కాపీలున్నాయని కనిపెట్టి, ఒక్కటి ఉంచి తక్కినవన్నీ చెత్తబుట్టలోకి తోశాడు. ఆ బుట్ట ఖాళీ చేస్తేగాని చోటు మిగలదు. వేలు ఆ బటన్ మీదికే వెళుతోంది.

"కాస్త ఆగు. సాయంత్రం మన హైమకి మొదటి కచేరీ. మా గురువుగారి ఖరహరప్రియ రాగం ఒకసారి వినిపించు, ఆ బాణీ చెవిలో పడాలి."

ఆ గురువుగారు ఇప్పుడు లేరు. ఆయన వాయించిన క్యాసెట్టు బూజుపట్టి ఎప్పుడో పాడైపోయింది. ఆ సన్నాయి క్లౌడ్‌లో తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. బాలకోటి తాను మిగిల్చిన ఫైలు నొక్కాడు. ఏదో పెళ్లి మేళం మోగింది. మధ్యలో ఎవరో "సాంబారు ఇటు రానివ్వండి" అని కేకేస్తున్నారు.

"పర్లేదు కోటన్నా, సభలో సాంబారే వాయిస్తాను," అంది పక్కనే సన్నాయితో కూర్చున్న శిష్యురాలు హైమ. నవ్వుతూనే అంది గాని, సన్నాయిని మళ్లీ సంచిలో పెట్టేసింది.

బాలకోటి గబగబా మేళం ఆపాడు. "అన్నీ ఒకటేనండీ. అన్నిటికీ పేరు శ్రీ గురుభ్యోనమః అనే ఉంది."

ఉండదూ మరి! శిష్యులందరూ ఫైలు పేరులో ముందు గురువుకి దండం పెట్టి, తర్వాత ఆవిడ బిరుదులు రాసి, ఆఖర్న రాగం పేరు పెట్టారు. తెర మీద గళ్లు చిన్నవి. దండం వరకే కనబడి, మిగిలిందంతా మూడు చుక్కలైపోయింది. ఇంత మర్యాదగా మనిషిని మాయం చేసే ఉపాయం దొంగలకి కూడా తోచదు.

నాంచారమ్మగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చెత్తబుట్ట తెరిచి, గళ్లని వరుసలుగా మార్చారు. ఇప్పుడు ఒక్కోదాని పక్కన తేదీ, సైజు కనబడ్డాయి. ఏ రెండూ ఒకలా లేవు. "కాపీలైతే బరువు ఒకటే ఉండొద్దూ?" అంటూ పేర్ల గడిని పక్కకి లాగి వెడల్పు చేశారు. అన్నిటికన్నా పాత తేదీ ఉన్న వరుస చివర ఖరహరప్రియ ఉంది. దాన్ని వెనక్కి రప్పించి నొక్కారు.

పాత క్యాసెట్టు బరబర వెనక నుంచి సన్నాయి లేచింది. హైమ నేల మీద చతికిలబడి కళ్లు మూసుకుంది.

రాగం అయ్యాక నాంచారమ్మగారు లేచి, కుర్చీ బాలకోటికి వదిలారు. "అన్నిటికీ పేర్లు మార్చు. రాగం ముందుండాలి."

వాడు దండం దగ్గర మౌస్ బాణం పెట్టి తటపటాయించాడు. "నమస్కారం తీసేస్తే తప్పు కాదూ అమ్మగారూ?"

"తీసేయమని నేనన్నానా నాయనా? గుమ్మానికి అడ్డంగా పడుకోకుండా కాస్త పక్కకి జరగమన్నాను."