రెక్కలపూల మొక్క మట్టిని వదిలి వచ్చిన కథ

ఒకప్పుడు రెక్కలపూల మొక్క కూడా అన్ని మొక్కల్లాగే మట్టిలోనే ఉండేది.

ఏ మొక్కంటారా? ఇప్పుడు కిటికీ దగ్గర కుండీలో పెట్టుకుని ఆర్కిడ్ అంటున్నామే, పొడుగాటి కాడకి తెల్ల సీతాకోకలు వరసగా వాలినట్టు పూస్తుందే, అదే. అప్పట్లో దాని వేళ్ళు సన్నగా, గోధుమరంగులో, గడ్డివేళ్ళలా ఉండేవి. అడవిలో ఎండుటాకులూ పుల్లలూ కలిసిన వదులు మట్టిలో హాయిగా పాకేవి. బయట ఏముందో చూద్దామని వాటికి ఎప్పుడూ అనిపించలేదు.

ఆ అడవి అంచున, కొండమీద, ఒక పసుపు చేను. చేను పక్కన ఒక ఇల్లు. ఆ ఇంట్లో ఒక అవ్వ, ఆమె మనవరాలు బుదరి. బుధవారం పుట్టింది కదా, అందుకని బుదరి అని పేరు పెట్టారు.

బుదరికి పసుపు నాటడం బాగా వచ్చు. గుంట తియ్యి, కొమ్ము పెట్టు, మట్టి కప్పు, మడమతో గట్టిగా తొక్కు. "తొక్కకపోతే వాన దెబ్బకి కొమ్ము కొట్టుకుపోద్దే," అని అవ్వ నేర్పింది. ఆ తొక్కుడులో బుదరిని మించినవాళ్ళు ఆ కొండమీద లేరు.

ఒకరోజు కట్టెలకి వెళ్ళిన బుదరికి రెక్కలపూల మొక్క కనిపించింది. చూడగానే ప్రాణం లేచొచ్చింది. మెల్లగా పెళ్ళగించి, కొంగులో పెట్టుకుని ఇంటికి తెచ్చేసింది.

పాత నీళ్ళకుండ ఒకటి తీసింది. దాని నిండా చేలోని నల్లమట్టి, పేడ ఎరువు వేసింది. మొక్కని పెట్టింది. కుండలో మడమ పట్టదు కదా, అందుకని పిడికిలితో గుద్దింది. బాగా గుద్దింది. చెంబుడు నీళ్ళు పోసి, కుండని అరుగు అంచున పెట్టింది.

"ఇంక నువ్వు ఏ వానకీ కొట్టుకుపోవు," అంది ముద్దుగా.

లోపల నల్లమట్టి ఆ వేళ్ళన్నిటినీ ఒక్కసారిగా వాటేసుకుంది.

"రా నా తల్లీ! నా పొట్టలో వేడి ఉంది, తిండి ఉంది. ఇంక నీకేం భయం లేదు."

"మట్టమ్మా, కొంచెం వదులుగా పట్టుకోవా? ఊపిరాడటం లేదు," అంది మొక్క.

"వదిలితే పడిపోతావే! పసుపు చూడు, అల్లం చూడు. వాళ్ళెప్పుడైనా ఇలా అన్నారా?"

"వాళ్ళ ఊపిరి వేరు, నా ఊపిరి వేరు."

"చాల్లే, వచ్చిందమ్మా పెద్ద వేరే పిల్ల!" అని మట్టి ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.

కోపంతో కాదు. మట్టికి ప్రేమ చూపించడం అలాగే వచ్చు మరి.

పొద్దున్నే బుదరి చెంబుతో వచ్చింది. నీళ్ళు దిగాయి. కుండకి అడుగున చిల్లు లేదు. నీళ్ళు అక్కడే నిలిచిపోయాయి.

"కాస్త జరుగు నీళ్ళక్కా, నా ముక్కులోకి వస్తున్నావు," అంది ఒక వేరు.

"ఎక్కడికి జరగను? నాకే దారి లేదు!" అన్నాయి నీళ్ళు.

అన్నిటికన్నా అడుగున ఉన్న వేరు మెత్తబడింది. నల్లబడింది. తర్వాత పలకలేదు. కొన్నాళ్ళకి దాని పక్కదీ అంతే.

వేళ్ళు పోతే ఆకులకి నీళ్ళెవరు అందిస్తారు? చుట్టూ నీళ్ళున్నా పైన ఆకులు వాడిపోయాయి. బుదరి అది చూసింది.

"అయ్యో, దాహమేసిందా నీకు!"

ఇంకో చెంబు తెచ్చి పోసింది.

ఆకులు ఎంత వాడితే అన్ని చెంబులు. ఎన్ని చెంబులు పోస్తే అన్ని వేళ్ళు కుళ్ళడం. కాళ్ళ చప్పుడు వినిపిస్తే చాలు, మొక్క "వద్దు బుదరీ, పొయ్యకు!" అని అరిచేది. మొక్కల అరుపు మనుషులకి వినపడదు కదా!

చివరికి ఒకే ఒక్క వేరు మిగిలింది. అందరికన్నా చిన్నది. కాండం మెడ దగ్గర పుట్టింది కాబట్టి ఇంకా బురదలో మునగలేదు. అది మెల్లగా పైకి తోసుకోవడం మొదలుపెట్టింది.

"ఎక్కడికే?" అంది మట్టి.

"పైకి."

"పైన ఏముంది? ఎండ మాడుస్తుంది. గాలి ఎండగడుతుంది. వేళ్ళు బయట తిరుగుతాయా ఎక్కడైనా?"

"ఇక్కడే ఉంటే చచ్చిపోతాను మట్టమ్మా. మా వాళ్ళంతా నీ ఒళ్ళోనే పోయారు, చూశావుగా?"

తన ఒళ్ళో ఏం జరిగిందో మట్టికీ తెలుసు. తెలిసేసరికి భయమేసింది. భయమేసేసరికి ఇంకా గట్టిగా పట్టుకుంది.

అయినా చిన్నవేరు కొన ఎలాగో బయటికి వచ్చింది. అప్పుడే అటుగా గాలి వెళుతోంది.

"ఎవరే అది, ముక్కు బయటపెట్టింది?"

"నేనే గాలిమామా! నన్ను బయటికి లాగు!"

"లాగడం నాకు చేతకాదే పిల్లా. తొయ్యడమే వచ్చు. తోస్తే కుండ పగులుతుంది. దాంతోపాటు నీ మెడ విరిగితే?"

ఇంట్లోంచి చెంబు నీళ్ళలో మునిగిన బుడబుడ శబ్దం వినిపించింది.

"విరిగితే విరగనీ! ఆ చెంబు నా మీద పడితే ఈ ఒక్క వేరు కూడా ఉండదు. తొయ్యి మామా!"

గాలి పసుపు చేను అవతలి గట్టుదాకా వెనక్కి పరిగెత్తింది. ఊపు తీసుకోవాలిగా!

బుదరి గుమ్మం దాటింది.

గాలి తిరిగింది. పసుపు ఆకులన్నీ ఒక్కసారి పడుకుని లేచాయి.

బుదరి అరుగు ఎక్కింది. చెంబు వంచింది. కుండలో మొదటి చుక్క పడింది.

ధన్!

కుండ అరుగు కిందికి పడి పెంకులైపోయింది. నల్లమట్టి ముద్దగా ఒక పక్కకి, మొక్క ఇంకో పక్కకి. కిందనే మద్దికట్టెలు చెక్కి పారేసిన బెరడు ముక్కల పోగు ఉంది. మొక్క వెళ్ళి అందులో పడింది.

మెడ విరగలేదు. కానీ చిన్నవేరుకి ఎండ తగిలింది. చురుక్కుమంది.

"ఏయ్, ఎవరు మీద పడింది?" అంది ఒక బెరడు ముక్క, గరుకు గొంతుతో.

"నన్ను కాస్త పట్టుకోవా?" అంది మొక్క.

"నేనెవర్నీ పట్టుకోను. అలవాటు లేదు. కావాలంటే నువ్వే పట్టుకో."

"నీ దగ్గర తిండి ఉందా?"

"పెద్దగా లేదు."

"నీళ్ళు?"

"వస్తాయి, పోతాయి. నా నిండా సందులే. ఆ సందుల్లో గాలి మాత్రం బోలెడుంది. అదిగో, ఆ పిల్ల వస్తోంది. త్వరగా ఆలోచించుకో."

బుదరి ఏడుస్తూ వచ్చేస్తోంది. ఒక చేతిలో కొత్త కుండ, ఇంకో చేతిలో పిడికెడు నల్లమట్టి.

ఆలోచించడానికి ఇంకేముంది? చిన్నవేరు బెరడు గరుకులోకి తనని తాను అదిమేసుకుంది. ఉన్న బలమంతా పెట్టి అతుక్కుపోయింది.

బుదరి మొక్కని ఎత్తబోయింది. రాలేదు. ఇంకాస్త లాగింది. వేరు పటపటమంది.

"ఆగవే!" అని అవ్వ కేకేసింది. వచ్చి పక్కన కూర్చుంది. బురదముద్దలోంచి కుళ్ళిన వేళ్ళు ఏరి బుదరి ముక్కు దగ్గర పెట్టింది. "వాసన చూడు."

"ఛీ!"

"దాహం కాదే పిచ్చిమొహమా. పూలమొక్కని తెచ్చి పసుపుకొమ్ముని తొక్కినట్టు తొక్కావు."

"నువ్వేగా అవ్వా, గట్టిగా తొక్కమన్నావు!"

అవ్వ కుళ్ళిన వేళ్ళని పక్కన పడేసింది.

"అన్నాలే. పసుపు తప్ప నాకు మాత్రం ఏం తెలుసు? కానీ చూడు, చచ్చేదాన్లా ఉండి కూడా ఈ చెక్కని ఎలా పట్టుకుందో. దానికేం కావాలో అదే ఎంచుకుంది. చెయ్యి తియ్యి."

బుదరికి చెయ్యి తియ్యడం చాలా కష్టమైంది. అయినా తీసింది.

తర్వాత సుఖమేమీ రాలేదు. నీళ్ళు చిలకరిస్తే జారిపోయేవి. తాగేలోపే బెరడు ఆరిపోయేది. చిన్నవేరు దాహంతో తల్లడిల్లి, చివరికి దూదిలాంటి దుప్పటి ఒకటి తనచుట్టూ అల్లుకుంది. వాన పడగానే ఆ దుప్పటి గబగబా తాగి పచ్చబడేది. ఆరగానే వెండిలా మెరిసేది. లావుగా, గట్టిగా, కొత్త కొత్త వేళ్ళు పుట్టాయి. బుదరి అడుగున చిల్లులు పెట్టిన కుండలో బెరడు ముక్కలు, నాలుగు బొగ్గులు వేసి, ఏదీ తొక్కకుండా మొక్కని కూర్చోబెట్టింది.

మొదటి పువ్వు విచ్చిన రోజు బెరడు అంది: "ఒక మాట చెప్తా విను. నేనూ తడిసి తడిసి ఎప్పుడో మెత్తబడతాను, మట్టినైపోతాను. అప్పుడు నేనూ నీకు ఊపిరాడనివ్వను. నన్నూ వదిలెయ్యాలి."

మొక్క ఒక వేరుని మెల్లగా కుండ అంచు దాటించి గాలిలోకి చాపింది.

అప్పటినుంచే ఆర్కిడ్‌కి మట్టి పడదు, బెరడు ముక్కల్లోనే బతుకుతుంది. బెరడు మెత్తబడితే కొత్తది మార్చమంటుంది. మీరు దాన్ని ఎంత బాగా చూసుకోండి, ఎంత మంచి కుండీ కొనిపెట్టండి, ఒక్క వెండివేరుని మాత్రం బయటే ఉంచుకుంటుంది.