ఏడు దెబ్బల తేడా

తగరపువలసలో పంక్చర్ల షాపు మీది గదిలో సామ్యేలు మాస్టారు టెక్నో పాటలు ఒకదానిలోకి ఒకటి కలపడం నేర్పుతారు. కింద వీధివాళ్ళకి ఆ సంగీతం పిండిమర ఆడుతున్నట్టు వినిపిస్తుంది. ఒకావిడ బియ్యం డబ్బాతో మెట్లెక్కి వచ్చిన మాట కూడా నిజమే. మాస్టారు ఆవిడకి కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చారట. శిష్యులు ముగ్గురు. ఒకడు ఫ్యాను గాలికి వస్తాడు, ఇంకొకడు వాడికి తోడు వస్తాడు. నేర్చుకునేది హైమ ఒక్కతే. కూతురు కంప్యూటరు కోర్సు చేస్తోందని వాళ్ళమ్మ చుట్టాలకి చెప్పింది. చుట్టాలు మర్యాదస్తులు, నమ్మినట్టే ఉన్నారు.

ఒక మధ్యాహ్నం హైమ మొహం ముడుచుకుని వచ్చింది. శనివారం భీమిలి బీచ్‌లో ఆమె, జతగాడు దిలీపు కలిసి వాయించాలి. ఆమె పాటలు నిమిషానికి నూట ముప్ఫై దెబ్బలు. దిలీపు సొంతంగా చేసుకున్న పాట అంతకంటే నెమ్మది. వేగం ఒకటైతే గాని రెండూ కలవవు. దాన్ని తన వేగానికి లాగుతానని ఆమె, లాగితే రానని అతను. ఇంట్లో కూడా నల్లద్దాలు తియ్యని ఆ మనిషి, విడిదిలో కాఫీ అందని పెళ్ళికొడుకులా అలిగి కూర్చున్నాడు.

"ఎవరి వేగానికి ఎవరు రావాలి మాస్టారూ?" అని అడిగింది.

ఆయన సూటిగా జవాబు చెప్పే అలవాటున్న మనిషి కాదు. నూకరాజు సంగతి ఎత్తుకున్నారు.

నూకరాజు జాలరిపేటవాడు, ఒకప్పుడు మాస్టారి జతగాడు. వాళ్ళ నాన్న వల లాగుతూ పాడే కేకని ఫోనులో పట్టి ఉంచాడు. ఆ ముసలాయన పోయాక, ఆ గొంతు చుట్టూ ఏడాదిపాటు కూర్చుని ఒక పాట కట్టాడు. దాని వేగం నూట ఇరవైమూడు. వల లాగే చేతుల వేగం అదేనని చెప్పేవాడు. మొదటిసారి దాన్ని బీచ్‌లో జనానికి వినిపించే సాయంత్రం, సామ్యేలు అప్పటికే నూట ముప్ఫైలో ఇసుక రేపుతున్నాడు. ఏడు దెబ్బలు దిగడానికి మనసు రాలేదు. నూకరాజు పాటనే పైకి లాగాడు.

వేగం పెంచితే గొంతు సన్నబడుతుంది. సన్నబడకుండా ఆపే మీట ఒకటుంది. సామ్యేలు దాన్ని కావాలనే వెయ్యలేదు, ఎందుకంటే అర స్వరం పైకెక్కిన ఆ గొంతు తన పాట శ్రుతికి సరిగ్గా కుదిరింది. వేగం కలిసింది, శ్రుతి కలిసింది. జనం ఊగిపోయారు. అంత బాగా తానెన్నడూ కలపలేదని మాస్టారు ఒప్పుకున్నారు.

నూకరాజు మాత్రం పక్కన నిలబడి కాసేపు విన్నాడు. తరవాత అడిగాడు, "ఈ గొంతెవలిదిరా, సామేలు?"

వెక్కిరింపు కాదు. నిజంగానే పోల్చుకోలేకపోయాడు. చెప్పాక తలూపి, తన పెన్‌డ్రైవ్ లాక్కుని వెళ్ళిపోయాడు. ఆ తరవాత వాయించలేదు. ఏళ్ళ తరవాత మాస్టారు వెతుక్కుంటూ వెళితే టీ ఇచ్చి, పిల్లల్ని చూపించాడు. ఆ పెన్‌డ్రైవ్ చెడిపోయిందని, పాత ఫోను ఎప్పుడో సముద్రంలో పడిందని చెప్పాడు. ముసలాయన గొంతు ఇప్పుడు మిగిలింది ఒక్కచోటే, ఆ సాయంత్రం సామ్యేలు తన పాటతో కలిపి రికార్డు చేసుకున్న దాంట్లో.

హైమ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. దిలీపు పాటని అది ఉన్న వేగంలో తానెప్పుడూ చివరిదాకా వినలేదన్న సంగతి అప్పుడే తట్టింది గాని, పైకి అనలేదు.

"ఆ రికార్డునే ఏడు దెబ్బలు తగ్గిస్తే ఆయన గొంతు ఆయనకొచ్చేస్తుంది కదా మాస్టారూ. నూకరాజు గారికి పంపొచ్చు."

మాస్టారు తీగ చుట్టడం మొదలుపెట్టి, సగంలో ఆపారు.

"తగ్గించి చూశానమ్మా. వచ్చింది. నా పాట కూడా దాంతోపాటే దిగింది."