చేతికి తెలిసిన తాడు

భీమిలి తీరంలో ఎల్లాజీ అనే యువకుడు ఉండేవాడు; తన చేతిలో ఏది ఉన్నా, పక్కవాడి చేతిలో ఉన్నదే మేలైనదని అతని మనసు ఎప్పుడూ పీకుతూ ఉండేది. హోటల్లో ఇడ్లీ తెప్పించుకుని పక్క బల్ల మీది దోసె వైపు చూసేవాడు. దోసె తెప్పించుకున్నాక పూరీ వాసన వచ్చేది. ఇరవై నాలుగేళ్ళకే నాలుగు పనుల్లో చేరి నాలుగూ వదిలేశాడు. మరీ నవ్వకండి. ఈ దురద మనలో చాలామందికి ఉంది. మనం నీళ్ళ అడుగుకి వెళ్ళం కాబట్టి బతికిపోతున్నాం.

ఎల్లాజీ వెళ్ళాడు. ఆ ఏడాది సముద్రం అడుగున రాళ్ళకు చిక్కుకున్న పాత వలల్ని కోసి తీసే బృందం ఒకటి తయారవుతోంది. ఆ చిరుగు వలల్లో తాబేళ్ళు, చేపలు తగులుకుని ఊరికే చచ్చిపోతున్నాయి. వీపున గాలి సిలిండర్ కట్టుకుని దిగి వాటిని కోయాలి. బృందంలో ఇక రెండు చోట్లే మిగిలాయి. నీటి అడుగున ఎవరూ ఒంటరిగా ఉండకూడదు కనుక ఆ రెండు చోట్లూ ఒక జంటకే ఇస్తారు. పరీక్షలో ఇద్దరూ నెగ్గితే ఇద్దరికీ పని. ఒక్కరు తప్పినా ఇద్దరూ ఇంటికే.

ఎల్లాజీకి జంటగా పైడితల్లి అనే అమ్మాయి కుదిరింది. ఆమె విజయనగరంలో ఆడపిల్లలకు ఈత నేర్పేది. ఈ పని మీద మనసుపడి అది మానేసి, రోజూ తెల్లారగానే బస్సెక్కి భీమిలి వచ్చేది. శిక్షణ ఇచ్చేది దాలినాయుడు మాస్టారు. ఆయన ముప్పై ఏళ్ళు సముద్రంలో మునిగి తేలిన మనిషి. తక్కువ మాట్లాడేవారు, ఎక్కువ చూసేవారు.

మొదటి రోజున మాస్టారు ఇద్దరినీ ఒడ్డునున్న రేకుల షెడ్డులోకి తీసుకెళ్ళారు. గోడకు ఆరు గాలి జాకెట్లు వేలాడుతున్నాయి. ఈతగాడు వాటిని ఒంటికి బిగించుకుంటాడు. లోపలికి గాలి ఎక్కిస్తే పైకి తేలతాడు, తాడు లాగి గాలి వదిలితే కిందికి దిగుతాడు. నడుము దగ్గర సీసం బరువులు పెట్టుకునే సంచులు ఉంటాయి. అన్ని జాకెట్లూ చేసే పని ఒక్కటే. కానీ తాడు ఒకదానికి భుజం మీద, ఒకదానికి నడుము దగ్గర, బరువుల పిడి ఇంకోదానికి ఇంకో చోట, ఇలా దేని అమరిక దానిదే.

"కళ్ళతో కాదు, సేతుల్తో ఎంచుకోండి," అన్నారు మాస్టారు. "ఒక్కొక్కటీ ఏసుకోండి. నిండా గాలి ఎక్కించి సూడండి. రొమ్ము పట్టేయకూడదు, సెవుల దాకా ఎగదన్నకూడదు. అప్పుడు కళ్ళు మూసుకోండి. నేను 'తాడు' అంటే సెయ్యి తాడు మీదుండాలి. 'బరువు' అంటే బరువు మీదుండాలి. ఏది ఎతక్కుండా దొరికితే అదే మీది. దాని మీద పేరు రాసుకోండి. ఆఖరి దాకా అదే."

"కళ్ళెందుకు మూసుకోవాలి మాస్టారూ? నీళ్ళలో కళ్ళద్దాలు ఉంటాయి గదా?" అన్నాడు ఎల్లాజీ.

"అడుగున మన్ను రేగిందంటే నీ కళ్ళద్దాలు ఏటి సేస్తాయి?" అన్నారు మాస్టారు.

పైడితల్లి గంటసేపు ఆరూ వేసుకుని చూసింది. చివరికి రంగు వెలిసి, జేబుకి మాసిక వేసిన నీలం జాకెట్ తీసుకుని దాని మీద పేరు రాసుకుంది. ఎల్లాజీ మాత్రం లోపలికి అడుగు పెడుతూనే ఎర్ర జాకెట్ ఎంచుకున్నాడు. దానికి జేబులు ఎక్కువ. కళ్ళు మూసుకోవడం చిన్నపిల్లల ఆటలా తోచి, సగం మూసి సగం తెరిచి ఎలాగో కానిచ్చాడు. పేరు రేపు రాస్తానన్నాడు.

ఆ రేపు రాలేదు. రెండో రోజుకే ఎర్రది బరువుగా ఉన్నట్టు అనిపించింది. మూడో రోజు పసుపుది వేసుకున్నాడు. నీళ్ళలో ఉన్నంతసేపూ మనసంతా ఒడ్డున వేలాడుతున్న బూడిదరంగు దాని మీదే ఉంది. నాలుగో రోజు అది వేసుకుంటే భుజాలు ఒరుసుకున్నాయి. ఐదో రోజు మళ్ళీ ఎర్రది. రాత్రి పడుకుంటే నిద్ర పట్టేది కాదు. తప్పుది తీసుకున్నానేమో, సరైనది అక్కడే ఉండిపోయిందేమో అని పొర్లేవాడు. నడుములోతు నీళ్ళలో నేర్చుకునే రోజులు కాబట్టి దేనితోనైనా గడిచిపోయింది. అది గడవడమే అతనికి చేటైంది.

"ఒరే, లోతుకెళ్ళే ముందు ఒకటి ఖాయం సేసుకో," అని మాస్టారు హెచ్చరించారు.

"బేగి సేసేస్తాను మాస్టారూ," అని నల్లది తీసుకున్నాడు. నడుము కుడిపక్కన తాడు, తాడు చివర చిన్న బంతి. మూడు రోజులు దానితోనే లోతుకు దిగాడు. చెయ్యి ఆ బంతికి అలవాటు పడుతోంది. పైడితల్లి కాస్త ఊపిరి పీల్చుకుంది.

పరీక్ష రోజు వచ్చింది. మాస్టారు ముందుగా వెళ్ళి, ఎనిమిది మీటర్ల లోతులో ఒక బండరాయికి పాత వల చుట్టి ఉంచారు. జంటగా దిగి దాన్ని కోసి తేవాలి. ఇద్దరూ షెడ్డులో సిద్ధమవుతుండగా ఎల్లాజీ కంటికి మూలన ఒక అట్టపెట్టె కనబడింది. ముందు రోజు సాయంత్రం వచ్చిన కొత్త జాకెట్ అది. నల్లటి గుడ్డ మీద వెండి గీతలు, తళతళలాడుతోంది. అంతే, ఒంటి మీదున్నది ఒక్కసారిగా పాతగుడ్డలా అనిపించింది.

"వద్దు ఎల్లాజీ, ఇవాళ వద్దు," అంది పైడితల్లి. "నీకు దండం పెడతాను, దాన్ని ఒగ్గేయ్."

"దీంతో ఐతే ఇట్టే కోసేస్తాను, సూడు," అంటూ అతను అప్పటికే సిలిండర్ విప్పి దానికి బిగించేస్తున్నాడు.

"ఐతే తాడెక్కడుందో సూపించు."

"బోటులో సూసుకుందాం."

బోటులో అతను చూసుకోలేదు. మెడ పట్టీ సవరించుకోవడం, జేబులు తెరిచి మూయడంతోనే సరిపోయింది. పైడితల్లే అతని ఒళ్ళంతా తడిమి, కుడి భుజం మీద తాడు కనిపెట్టి లాగి చూపించింది. "ఇదిగో, ఇక్కడుంది. వింటన్నావా?"

"ఆఁ, ఆఁ," అన్నాడు ఎల్లాజీ. చేతిలోని కళ్ళద్దాల్లో తన నీడ చూసుకుంటున్నాడు.

దిగారు. మొదట అంతా బాగానే సాగింది. వల రెండు పక్కలా కోశారు. మూడో పక్క కోస్తుండగా ఎల్లాజీ గట్టిగా లాగాడు. రాయి కింద పేరుకున్న మన్ను లేచింది. ఒక్క క్షణంలో చుట్టూ ఏమీ కనబడలేదు, తన చెయ్యి తనకే కనబడలేదు. అతనికి కంగారు పుట్టింది. కంగారులో గాలి ఎక్కువ ఎక్కించాడు. మెల్లగా పైకి తేలుతున్నట్టు తెలిసింది. గాలి వదలాలి. చెయ్యి తనంతట తానే నడుము కుడిపక్కకు పోయింది. నిన్నటి జాకెట్లో బంతి సరిగ్గా అక్కడే ఉంది. ఈ జాకెట్లో అక్కడున్నది బరువుల సంచి పిడి. అతను దాన్ని పట్టుకుని బలంగా లాగాడు.

సీసం సంచి ఊడి అడుగుకు పడిపోయింది. బరువు పోయేసరికి ఎల్లాజీ పైకి ఎగిశాడు. లోతు నుంచి అంత వేగంగా పైకి వచ్చేవాడు ఊపిరి బిగబడితే ఊపిరితిత్తులు చిరిగిపోతాయి. భయంతో అతను నోటి గొట్టంలోకే కేక పెట్టాడు. ఆ కేకతో ఊపిరి బయటికి పోయింది. అదే అతన్ని కాపాడింది. అది కూడా అదృష్టమే గాని తెలివి కాదు.

మన్నులోంచి తన్నుకుంటూ పోతున్న కాలు పైడితల్లికి తగిలింది. పట్టుకుంది. ఆమెనూ లాక్కుపోయాడు. ఆమె అతని కాలి మీదుగా పైకి పాకి, కళ్ళు కనబడకపోయినా కుడి భుజం మీది తాడు అందుకుని లాగింది. గాలి బుడబుడమని బయటికి పోయింది. ఇద్దరూ నెమ్మదించి పైకి తేలారు. ఎల్లాజీకి చిన్న గీత కూడా పడలేదు. పైడితల్లి కుడి చెవిని అరచేత్తో అదుముకుని ఉంది. వేళ్ళ సందున రక్తం.

డాక్టర్ చూసి, అంత వేగంగా పైకి రావడంతో చెవిపొర చిరిగిందని, రెండు నెలలు నీళ్ళు తగలకూడదని చెప్పాడు. బృందంలో ఆ రెండు చోట్లూ వేరే జంటకు వెళ్ళిపోయాయి. కొన్నాళ్ళకు ఇంకో పడవ దిగుతుంది, దానికీ ఒక జంట కావాలి, అప్పుడు చూద్దాం అన్నారు. అప్పటిదాకా పైడితల్లికి ఇటు పనీ లేదు, అటు మానేసిన పనీ లేదు.

మాస్టారు ఎల్లాజీని తిట్టలేదు. షెడ్డులో ఎదురుగా నిలబెట్టి ఒక్కటే అడిగారు. ఆ వెండిగీతల జాకెట్ ఇంకా అతని ఒంటి మీదే ఉంది.

"తాడెక్కడుంది?"

ఎల్లాజీ తల వంచి జాకెట్ వైపు చూసుకున్నాడు.

"ఇంకా సూసుకోవలసొస్తంది నీకు," అని మాస్టారు బయటికి వెళ్ళిపోయారు.

మర్నాడు అతను విజయనగరం వెళ్ళి పైడితల్లి ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. క్షమించమన్నాడు. ఆమెకు ఒక చెవి సరిగా వినబడటం లేదు, అందుకని గట్టిగా మాట్లాడింది. వీధంతా విన్నది.

"నీ జాకెట్ తాడు ఎక్కడుందో నాకు తెలుసు. నీకు తెల్దు. అది తెలిసినందుకు నా సెవి పోయింది. మరింకేటి సెప్పమంటావు?"

ఎల్లాజీ సిగ్గుతో బస్టాండు దాకా నడిచాడు. ఆ రోజు పక్కవాడి చేతిలో ఏముందో అతను చూడలేదు.

తెల్లారి షెడ్డుకు వెళ్ళి, పైడితల్లిది పోగా మిగిలిన జాకెట్లన్నిటినీ మూడు రోజులపాటు నిజంగా కళ్ళు మూసుకుని వేసుకున్నాడు. ఎర్రది గాలి ఎక్కగానే చెవుల దాకా ఎగదన్నింది. పసుపుది రొమ్ము పట్టేసింది. ఒకప్పుడు భుజాలు ఒరుసుకున్నాయని విసిరేసిన బూడిదరంగుది, పట్టీలు నాలుగు వేళ్ళు వదులు చేయగానే ఒంటికి అతికింది. ఆ రోజు ఆ నాలుగు వేళ్ళ ఓపిక లేకపోయింది, అంతే. దాని తాడు ఎడమ భుజం కింద ఉంది. దాని మీద పేరు రాశాడు.

ఆ రెండు నెలలూ ఇసుకలో, మోకాళ్ళలోతు నీళ్ళలో, అలలు మీద పడుతుంటే, కళ్ళకు తువ్వాలు కట్టుకుని తాడు, బరువు, గాలి అనుకుంటూ చెయ్యి వేసేవాడు. వల లాగేవాళ్ళు చూసి నవ్వేవారు. దురద పోయిందా? పోలేదు. మధ్యలో నారింజరంగు జాకెట్ ఒకటి వస్తే రెండు పూటలు అన్నం సయించలేదు. ఐనా దాన్ని ముట్టుకోలేదు.

చెవి నయమై పైడితల్లి తిరిగి వచ్చింది. తువ్వాలు తనే అతని కళ్ళకు బిగించి కట్టింది. అతన్ని గిరగిరా తిప్పింది. మొహం మీద బకెట్ నీళ్ళు కుమ్మరించి, "తాడు!" అని అరిచింది. చెయ్యి తాడు మీదుంది. "బరువు!" బరువు మీదుంది. ఇరవైసార్లు అడిగింది. తర్వాత తువ్వాలు విప్పి, "మాస్టారూ, దిగుతాను ఇతన్తో," అంది.

మళ్ళీ అదే లోతు, అదే బండరాయి. వల సగం కోశాక మళ్ళీ మన్ను రేగింది. కాసేపటికి ఇద్దరూ వలతో సహా నింపాదిగా పైకి తేలారు. బోటు ఎక్కాక పైడితల్లి అడిగింది.

"మన్ను రేగినప్పుడు నువ్వు తేలిపోబోయావు. గాలి ఒదిలావు గదా, తాడు ఎలగ దొరికింది?"

ఎల్లాజీ ఆలోచించాడు. ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. "నేను ఒదిలానా?" అన్నాడు.

దాలినాయుడు మాస్టారు ఆ రోజు మొదటిసారి పళ్ళు కనబడేలా నవ్వారు. "రేపట్నుంచి ఇద్దరూ పనిలోకి వచ్చేయండి," అన్నారు.

పిల్లలూ, పెద్దలూ, ఇందులో నేర్చుకోవలసింది ఇదే: మెరిసేదాన్ని కాక మనకు సరిపోయేదాన్ని ఓపికగా ఎంచుకోవాలి, ఎంచుకున్నదానితో నిలకడగా ఉండాలి, రోజుకొకటి మార్చే మనిషికి ఏదీ ఆపదలో అక్కరకు రాదు, పైగా ఆ దెబ్బ అతని చెయ్యి పట్టుకున్నవాళ్ళకే ముందు తగులుతుంది.