బూరెలవారి బిడ్డ లావెక్కకుండా చూసిన కథ

మా వీధి చివర బూరెలవారు ఉండేవారు. ఆ ఇంట్లో ముగ్గురికి తెలివి ఎక్కువని ఆ ముగ్గురూ ఒప్పుకున్నారు: అప్పలస్వామి, ఆయన భార్య గవరమ్మ, కొడుకు సింహాద్రి. కోడలు పైడమ్మని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు, ఆమె ఆలోచించి మాట్లాడుతుందని. "చెప్పింది చెప్పినట్టు చేస్తే చాలు, ఆలోచన దేనికి?" అనేవాడు అప్పలస్వామి.

పైడమ్మ నెల తప్పింది. సింహాద్రికి ఒకటే బెంగ. చిన్నప్పుడు బళ్ళో వాణ్ణి పనసకాయ అని పిలిచేవారు. తన బిడ్డకి ఆ పేరు రాకూడదు. అందుకని నర్సు రత్నకుమారిని అడిగాడు.

"కడుపుతో ఉన్నప్పుడు తల్లి తీపీ నూనే అతిగా తింటే పిల్లలు లావయ్యే ముప్పు ఎక్కువ," అందామె. "ఇద్దరి తిండి తినిపించకండి. ఒక్క మనిషి తిండే, కాస్త పప్పూ ఆకుకూరా ఎక్కువ వేసి పెట్టండి."

గవరమ్మ అప్పటిదాకా రెండు కంచాలు పెడుతోంది, ఒకటి తల్లికి, ఒకటి బిడ్డకి. ఇప్పుడు బిడ్డ కంచం ఏం చెయ్యాలి?

"బిడ్డ తండ్రి ఉన్నాడుగా, వాడు తింటాడు," అంది.

అంతే, సింహాద్రి తన కంచం ఖాళీ చేసి బిడ్డ కంచమూ లాగించాడు. రెండు నెలల్లో వాడి పొట్ట పైడమ్మ పొట్టని దాటిపోయింది. నర్సు పరీక్షకి వస్తే గవరమ్మ ఇద్దర్నీ పక్కపక్కనే చాప మీద పడుకోబెట్టింది.

నర్సు తల పట్టుకుంది. "అబ్బాయి సంగతి వదిలెయ్యండి. శ్రీమంతం వస్తోంది, పైడమ్మకి తీపి కనబడనివ్వకండి."

శ్రీమంతం నాడు పుట్టింటివారు పెద్ద బేసిను నిండా చలిమిడి తెచ్చారు. ఇంకేముంది, అప్పలస్వామి కండువా తీసి కోడలి కళ్ళకి గట్టిగా కట్టేశాడు. "ఇప్పుడు పెట్టండమ్మా, కనబడదు." ముత్తైదువులు వరసగా పెట్టారు. ముద్ద ఎటునుంచి వస్తుందో తెలియక పైడమ్మ నోరు తెరిచే ఉంచింది.

"చాలు మావయ్యా, బేసినెడు తినేసినట్టున్నాను."

"నువ్వు చూశావేంటి?" అన్నాడాయన.

ఈ సంగతి విన్న నర్సు కోప్పడలేదు. చిన్నపిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది. "తనొక్కతే పథ్యం చెయ్యాలంటే కష్టం. ఇంట్లో అందరూ తనలాగే ఉండండి."

అంతే, మర్నాటినుంచి కడుపుతో ఉన్న పైడమ్మలాగే ముగ్గురూ ఎడమవైపు తిరిగి పడుకున్నారు. బరువులెత్తకూడదు గనక ఎవరూ నీళ్ళ బిందె ముట్టలేదు, పొయ్యి వెలగలేదు. అప్పలస్వామికి పుల్లమామిడికాయ మీద మనసు పోయింది.

"నాకు ఏడో నెల, ఓ కాయ కోసి పెట్టవే," అన్నాడు.

"నాకూ ఏడేనయ్యా," అంది గవరమ్మ, అటు తిరిగే.

మధ్యాహ్నానికి పైడమ్మకి ఆకలితో కళ్ళు తిరిగాయి. ఇంక లాభం లేదని తనే లేచి, పప్పూ తోటకూరా వండి, ముందు తను తిని, తర్వాత ఆ ముగ్గురు గర్భిణులకీ పెట్టింది. ప్రసవం దాకా తన తిండి తనే చూసుకుంది. అదే మేలైంది.

మగబిడ్డ పుట్టాడు, మూడు కిలోలు. సింహాద్రి కళ్ళు తుడుచుకుని, "లావు కాడుగా నర్సమ్మ గారూ?" అన్నాడు.

"ఇప్పుడు బరువు సరిగ్గా ఉంది. లావయ్యేదీ లేనిదీ పెద్దయ్యాక తెలుస్తుంది. తిండి ఇలాగే చూసుకోండి."

అందులో 'పెద్దయ్యాక' అన్న ఒక్క మాటే ముగ్గురి చెవినా పడింది. ఇంకేముంది, పెద్దవాడు కాకుండా చూస్తే సరి. బారసాల చెయ్యలేదు, పేరు పెట్టలేదు, పుట్టినరోజు ఊసే ఎత్తలేదు.

మొన్న ఆ పిల్లాడు తన పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి మా ఇంటికొచ్చాడు. వెదురుబద్దలా సన్నగా, మీసంతో ఉన్నాడు. వరుడి పేరు దగ్గర 'చంటిబాబు' అని అచ్చువేశారు. వెనకాలే సింహాద్రి రొప్పుతూ వచ్చి, వాడి మెడ కింద చెయ్యి వేసి పట్టుకుని, "కాస్త జాగ్రత్తగా ఎత్తుకోండి బాబాయ్, మెడ ఇంకా నిలబడలేదు," అన్నాడు.