రాగి భరిణెలో రాజుగారి నలుగు

వెనకటికి కనకవీడు అనే రాజ్యం ఒకటి ఉండేదట. రాజ్యం చిన్నది, రాజుగారి అద్దం మాత్రం పెద్దది. ప్రతాపగండ మహారాజు నిద్ర లేవగానే ముందు తన ముఖం చూసుకొని, ఆ తరువాతనే రాజ్యం సంగతి చూసేవాడు.

ఆ ముఖానికి నలుగుపిండి నూరే పని చెన్నాంబది. పెసలు, కచ్చూరాలు, వట్టివేళ్లు ఎండబెట్టి, మెత్తగా నూరి, జల్లించి, పొడిగా పంపేది. "పెరుగూ నిమ్మరసమూ ఏ పూటకాపూట రాచ్చిప్పలో కలుపుకోవాలి. కలిపినది మరునాటికి ఉంచరాదు" అని పంపినప్పుడల్లా చెప్పేది.

పట్టాభిషేక ఉత్సవం ఇక తొమ్మిది రోజులు ఉంది. పొరుగు రాజు రత్నాలు తాపిన రాగి భరిణె ఒకటి కానుకగా పంపాడు. "ఇటువంటి భరిణె ఉండగా మాకు రాతిచిప్ప ఏమిటి?" అని మహారాజు తొమ్మిది రోజులకు సరిపడా నలుగు ఒకేసారి కలిపించి, దానినిండా పెట్టించి, వచ్చేపోయే వారికి కనబడేలా కొలువుకూటం కిటికీలో ఎండకు ఉంచాడు. రోజూ అందులోదే తీసి రాయించుకున్నాడు. నాలుగోనాటికి నున్నని చెక్కిళ్ల మీద దద్దుర్లు లేచాయి.

పొద్దున్నే చెన్నాంబను సభకు రప్పించారు.

"నీ పిండి మా ముఖం పాడుచేసింది. దీపాలు పెట్టేవేళకు నీ తప్పు లేదని రుజువు చెయ్యి. చేయలేకపోతే, నూరే ఆ కుడిచేతి బొటనవేలు తీయిస్తాం."

చెన్నాంబ చేయి చీర చెంగులోకి పోయింది. "పిండిలో దోషం లేదు, ప్రభూ. ఉంచిన పాత్రలో ఉందేమో."

"రత్నాల భరిణెలోనా? భట్టుగారూ, మీరేమంటారు?"

ఆస్థాన వైద్యుడు అనంతభట్టు భరిణె వైపు చూడలేదు, రాజుగారి వైపు చూశాడు. "ఏలినవారు మెచ్చిన పాత్రకు దోషం ఎక్కడిది?"

"అలాగైతే దానిని కడిగించి సాయంత్రం వరకు నాకు ఇప్పించండి" అంది చెన్నాంబ. "శిక్షకు ముందు నా చేతి మజ్జిగ ఒక్క గిన్నెడు పుచ్చుకోండి. ఇంకేమీ అడగను."

మహారాజు ఉదారంగా చేయి ఊపాడు.

చెన్నాంబ పుల్లమజ్జిగ తెచ్చి, నిమ్మకాయ పిండి, భరిణెలో పోసి అదే కిటికీలో పెట్టింది. ఇక కూర్చోలేకపోయింది. నలుగు నాలుగు రోజులు నిలవ ఉంది, తన చేతిలో ఉన్నది ఒక్క పగలు. నాలుగడుగులు వేస్తుంది, వెనక్కి వచ్చి మూత తీస్తుంది. తెల్లగానే ఉంది. మూత వేస్తుంది, మళ్లీ తీస్తుంది. సూర్యుడు నడినెత్తి దాటాడు, మజ్జిగ రంగు మారలేదు.

అటుగా వచ్చిన అనంతభట్టు నవ్వాడు. "మజ్జిగను అలా కనిపెట్టుకొని కూర్చుంటే వేలు దక్కుతుందా, అమ్మాయీ?"

"మీ రోగులు మిమ్మల్ని కనిపెట్టుకొని కూర్చోవడం లేదా, భట్టుగారూ? వారిలోనూ కొందరు దక్కారు కదా."

ఆయన వెళ్లిపోయాడు. పొద్దు వాలుతుండగా ఆమె మరోసారి మూత తీసింది. అంచు చుట్టూ సన్నని ఆకుపచ్చ గీత. చెన్నాంబ మూత వేసి, వెండి గిన్నె తేవడానికి వెళ్లింది.

ఉత్సవానికి ఏనుగు ఎక్కడం అభ్యాసం చేసి, అలసి, దాహంతో వచ్చి కూర్చున్నాడు మహారాజు. అందరూ చూస్తుండగా చెన్నాంబ భరిణెలోని మజ్జిగ వెండి గిన్నెలోకి వంచి అందించింది. రాజు గిన్నె పెదవుల దాకా ఎత్తి, నాలుక కొనకు తగిలించి, చటుక్కున దించాడు.

"ఇది చిలుము. పుల్లమజ్జిగ ఎవరైనా రాగిలో పోస్తారా? ఇంగితం ఉన్నవారు చేసే పనేనా?"

అనంతభట్టు తన పాదాలు చూసుకుంటున్నాడు.

"పోయకూడదనే విన్నాను, ప్రభూ" అంది చెన్నాంబ మెల్లగా. "కాని పుల్లపెరుగు నలుగు నాలుగు రోజులు అందులో ఉండగా లేని దోషం, ఒక్కపూట మజ్జిగకు వస్తుందా అనుకున్నాను. నోటికి నాలుక కాపలా ఉంది, తమరు గిన్నె దించారు. ముఖానికి నాలుక లేదు. అది చెప్పుకోగలిగింది దద్దుర్లతోనే."

మహారాజు గిన్నె వంక చూశాడు, భరిణె వంక చూశాడు. ముందు మీసం కదిలింది, తరువాత భుజాలు. నవ్వితే చెక్కిళ్లు మండుతున్నాయి, అయినా ఆగలేకపోయాడు.

"ఇంగితం లేనిది ఎవరికో మా నోటితోనే తీర్పు చెప్పించావు" అని మెడలోని ముత్యాల హారం తీసి ఇచ్చాడు. "ఈ దద్దుర్లకు ఇప్పుడేం రాయను?"

"చన్నీళ్లతో కడుక్కోండి. తగ్గేదాకా ఏమీ రాయవద్దు. తగ్గాక కొత్తగా నూరి ఇస్తాను, అదైనా ముందు మోచేతి మడతలో కాస్త రాసి ఒకరోజు చూడాలి."

"ఎవరి మోచేతికి? భట్టుగారి చేయి ఖాళీగానే ఉంది."

"ఒకరి చర్మం మరొకరికి సాక్ష్యం చెప్పదు, ప్రభూ."

అందువల్ల ఆ ఏడు కనకవీడు ప్రజలు తమ రాజును ఏ పూతా లేని ముఖంతో ఏనుగు మీద చూశారు. ఆ మరుసటి వారం, మంత్రులు సరిహద్దు తగాదా విన్నవిస్తుంటే, ఆయన భుజకీర్తులు తీసి పక్కన పెట్టి, గడియకొకసారి తన మోచేయి తిప్పి చూసుకుంటూ, జీవితంలో మొదటిసారి ఒక పగలంతా ఓపిక పట్టాడట.