గవ్వ అడిగిన మాట

వెనకటికి, మనుషులూ జంతువులూ ఒకే భాషలో మాట్లాడుకునే కాలంలో, కుందనగిరి అనే రాజ్యం ఉండేదట. దాన్ని ఏలే రాజుగారికి లేకలేక పుట్టిన కూతురు మంజీర. పాపకు పుట్టుకతోనే గుండెజబ్బు. నాలుగడుగులు వేస్తే చాలు, పెదవులు నీలంగా మారిపోయేవి.

ఆస్థాన వైద్యుడు హేమనాథుడు వింత విద్య నేర్చినవాడు. ఒక కుక్క నెత్తుటి బొట్టు నుంచి అచ్చం అలాంటి కుక్కనే పుట్టించగలడు. పుట్టకముందే బీజాన్ని మార్చి, దానికి కావలసిన జబ్బునూ పెట్టగలడు.

పాపకు ఇవ్వబోయే మందును ముందుగా పరీక్షించి చూడాలని, తన పెంపుడు కుక్క నెత్తుటితో మూడు పిల్లలను పుట్టించాడు. మూడింటికీ పాప జబ్బే పెట్టాడు. మూడింటి చెవి మీదా గవ్వంత తెల్లమచ్చే. అందుకని మూడింటినీ గవ్వ అనే పిలిచాడు.

మొదటి గవ్వ పిలవగానే వచ్చి మందు తాగింది. తెల్లారేసరికి కన్నుమూసింది.

మందు మార్చాడు. రెండో గవ్వా అలాగే పరుగున వచ్చింది. అదీ దక్కలేదు.

మూడో గవ్వ మాత్రం గిన్నె ముందు ఆగి, ఆయాసపడుతూ అడిగింది. "అయ్యా, నాకీ జబ్బు ఎలా వచ్చింది?"

హేమనాథుడు చూపు తిప్పుకున్నాడు. "దేవుడిచ్చాడమ్మా. పోగొడదామనే ఈ మందు చేశాను."

"నా మీద ఎంత దయ మీకు!" అని ఆయన చెయ్యి నాకి, గిన్నె ఖాళీ చేసింది. ఆ చేతిని ఎన్నిసార్లు తుడుచుకున్నా ఆయనకు తడి ఆరినట్టు అనిపించలేదు.

ఈసారి మందు పనిచేసింది. గవ్వ కోలుకుంది. అదే మందుతో మంజీర కూడా కోలుకుని తోటలో పరుగులు తీసింది.

రాజు నిండుసభలో వైద్యుణ్ణి మెచ్చుకున్నాడు. "నా కీళ్ళనొప్పులకూ మందు కనిపెట్టండి ఆచార్యా! ఇలాంటి కుక్కల్ని ఎన్నయినా పుట్టించండి."

గవ్వ గర్వంగా అంది. "దేవుడిచ్చిన జబ్బునే తీసేశారు మా అయ్య!"

సభంతా చప్పట్లు. హేమనాథుడికి నేల చీలితే బాగుండనిపించింది.

"దేవుడివ్వలేదు గవ్వా, నేనే పెట్టాను. నీ తోబుట్టువులు పోయిందీ నా చేతుల్లోనే. నీతో అబద్ధమాడాను. ప్రభూ, ఈ పని ఇక నావల్ల కాదు."

గవ్వ రాజు పక్కనున్న మంజీర వైపు చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "పాప కోసమేగా? ఆ మాట నాతో చెబితే కాదనేదాన్నా అయ్యా?"

రాజు తల దించుకుని, తన కోరిక వెనక్కి తీసుకున్నాడు. గవ్వ వెళ్లి మంజీర పక్కన కూర్చుంది. హేమనాథుడు దాన్ని పిలవలేదు. పిలిచే ముఖం ఆయనకు లేదు.

నమ్మినవారిని మోసం చేసి సాధించిన మేలు లోకానికి ఎంత ఉపయోగపడినా, చేసినవాణ్ణి తలెత్తుకోనివ్వదు.