నీలాద్రిరాజు కోటలో ఇంగ్లీషు టైము

"ఇకమీదట కోటలో జాము, గడియ, పొద్దు అన్న మాట వినపడకూడదహో. టైము ఇంగ్లీషులోనే చెప్పాలహో. తెలుగులో చెప్పినవాడి కొలువు ఊడినట్టేనహో."

వీధి చివర నుంచి దండోరా కేక వినపడేసరికి పైడయ్య చేతిలో కొయ్యసుత్తి అలాగే ఉండిపోయింది. ఇరవై ఏళ్లుగా అతనిది ఒకటే పని. గంగాళం నీళ్లలో చిల్లుగిన్నె వదలడం, అది మునగ్గానే గంట కొట్టడం. ఇప్పుడా పనికి నీళ్లొదిలేట్టున్నారు.

ఇదంతా సాంబమూర్తి పంతులు చలవ. మద్రాసులో నాలుగేళ్లు ఉండొచ్చి, నీలాద్రిరాజుగారికి ఇంగ్లీషు చెప్పడానికి కుదిరాడు. వస్తూనే ఓ గోడ గడియారం కొనిపించాడు. దాని తాళంచెవి జంధ్యానికి కట్టుకుని, ఎవర్నీ దాని దరిదాపులకి రానివ్వలేదు.

"నీ గిన్నె బోర్లించవోయ్," అన్నాడు పైడయ్యతో. "గడియారం ట్వెల్వ్ ఓ క్లాక్ అంటేనే గంట కొట్టాలి. ఎండకీ గడియారానికీ తేడా వస్తే తప్పు ఎండదే."

పైడయ్య అక్కడే కూర్చున్న రాజుగారి వైపు తిరిగాడు. "ఈ కట్టడి కోటలో అందరికీనా దొరా?"

"అందరికీ. నాతో సహా."

వారం రోజులు కోటంతా నోళ్లు మెలికలు తిప్పుకుంది. వంటమనిషి చిట్టెమ్మ మాత్రం 'క్వార్టర్ టు' దగ్గర మొండికేసింది.

"ఇంకా రానేలేని దాంట్లోంచి ముందే పావు కోసుకోవడమేంటయ్యా?"

పంతులైతే 'జస్ట్ ఎ మినిట్' అని లోపలికెళ్లి, ఓ కునుకు తీసి, తాంబూలం కూడా నమిలి వచ్చేవాడు.

తొమ్మిదో రోజొచ్చింది. ఎనిమిది రోజులకోసారి తాళం తిప్పకపోతే ఆ గడియారం ఆగిపోతుంది. పంతులు మరిచాడు. లోలకం నిలిచిపోవడం పైడయ్య చూడనే చూశాడు. నోరు మెదపలేదు. మెదిపితే ఏ భాషలో మెదపాలో ఏమో.

ఆ కోటలో మధ్యాహ్నపు గంట మోగందే ఎవరూ విస్తరి ముందు కూర్చోరు. తాతగారి నాటి ఆనవాయితీ. రాజుగారైనా అంతే.

నీడలు కాళ్ల కిందికొచ్చాయి. గుమ్మడికాయ పులుసు ఘుమఘుమలాడింది.

"పంతులుగారూ, టైమెంత?"

"హాఫ్ పాస్ట్ టెన్, మహాప్రభూ."

పులుసు చల్లారింది. దివానుగారి కడుపు నిండు సభలో గుర్రుమంది. రాజుగారు మళ్లీ అడిగారు. మళ్లీ హాఫ్ పాస్ట్ టెన్.

"ఈ హాఫ్ పాస్ట్ టెన్ మరీ సాగుతోందే," అన్నారు రాజుగారు.

అప్పుడు చూశాడు పంతులు, లోలకం కదలడం లేదని. చెయ్యి తాళంచెవి మీదకి పోయింది. ఒప్పుకుంటే పరువు పోతుంది, ఒప్పుకోకపోతే ఆకలికి ప్రాణమే పోయేలా ఉంది. మెల్లగా పైడయ్య దగ్గరికి చేరాడు.

"గంట కొట్టవయ్యా."

"ట్వెల్వ్ కాలేదు కదండీ. హాఫ్ పాస్ట్ టెన్."

"నీ హాఫ్ పాస్ట్ టెన్ తగలెయ్య. రెండు జాములు దాటి పొద్దు వాలిపోతుంటే కళ్లు కనపడ్డం లేదూ?"

ఆకలిలో గొంతు ఎంత లేచిందో పంతులికే తెలీలేదు. సభంతా వింది.

పైడయ్య చేతులు కట్టుకున్నాడు.

"ఇంగ్లీషు టైము గోడ మీద ఆగిపోయింది దొరా. పంతులుగారి కడుపులో మాత్రం తెలుగు టైమే నడుస్తోంది."

రాజుగారు పొట్ట పట్టుకుని నవ్వారు. ఖాళీ పొట్టతో అంతలా నవ్వడం వారికీ కొత్తే. చేతి కంకణం తీసి పైడయ్యకు తొడిగారు. తాళంచెవీ అతనికే ఇప్పించారు.

"కట్టడి ప్రకారం పంతులుగారి కొలువు ఊడింది."

"కడుపు మాడ్చి పంపకండి దొరా. నెల్లాళ్లు నా గిన్నె దగ్గర కూర్చోబెట్టండి. అది మునిగినప్పుడల్లా గంట కొడతారు. ఇదిగో, ఇప్పుడే మొదలు."

పంతులు సుత్తి అందుకుని కొట్టిన దెబ్బకి పావురాలన్నీ లేచిపోయాయి.

ఆ రోజు రాజు, దివాను, పైడయ్య, పంతులు అందరూ ఒకే వరసలో కూర్చున్నారు. చిట్టెమ్మ అన్నం వడ్డించుకుంటూ వచ్చింది. పంతులు విస్తరి దగ్గర ఆగింది.

"జస్ట్ ఎ మినిట్ పంతులుగారూ," అని పక్క విస్తరికి వెళ్లిపోయింది.